నిజామాబాద్ నుంచి జాగ్రెబ్‌కు: ఒక ఫార్వర్డ్ ప్రయాణం

గుగులోత్ సౌమ్య 2001లో నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో పుట్టారు. ఫుట్‌బాల్‌లో ఆమెకు పేరు తెచ్చిన క్లబ్బులు మాత్రం కేరళలో, క్రొయేషియాలో, బెంగాల్‌లో ఉన్నాయి. గోల్ కొట్టగలిగే ఆటగాళ్లు ఇలా ఊళ్లు, దేశాలు మారడం ఫుట్‌బాల్‌లో మామూలే. తెలంగాణ క్రీడాకారులకు అది మామూలు కన్నా ఎక్కువ: కదలకపోతే ఆటే ఉండదు.

ఈ వలస కొత్తదేమీ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న రోజుల్లో హైదరాబాద్ నగర పోలీసు జట్టు దేశమంతటా పేరు మోసింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన శిక్షణలోనే వచ్చాయి. అయినా ఇక్కడి ఆటగాడు తులసీదాస్ బలరాం 1957లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1966లో అదే దారి పట్టిన మహమ్మద్ హబీబ్ కోల్‌కతాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. ఆదరించే జనం, ఆదుకునే క్లబ్బులు అక్కడే ఉన్నాయి.

దేశం దాటడం ఇంకా కష్టం. సికింద్రాబాద్‌లో సైనిక కుటుంబంలో పుట్టిన సునీల్ ఛెత్రి 2010లో అమెరికాలోని కాన్సస్ సిటీకి, 2012లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్ రెండో జట్టుకు వెళ్లారు. రెండు చోట్లా మైదానంలో దొరికిన సమయం స్వల్పం. అంతర్జాతీయ గోల్స్‌లో భారత్ తరఫున అందరికన్నా ముందున్న ఆటగాడికే విదేశీ క్లబ్బుల్లో అంతకు మించి చోటు దక్కలేదంటే, అక్కడి పోటీ ఎంత గట్టిదో ఊహించవచ్చు.

మహిళలకు ఆ తలుపు 2020లో కొంత తెరుచుకుంది. మణిపూర్ స్ట్రైకర్ బాలా దేవి స్కాట్లండ్‌లోని రేంజర్స్ క్లబ్‌లో చేరారు. 2022లో సౌమ్య, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ ట్రయల్స్‌లో నెగ్గి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టులో చోటు సంపాదించారు. అంతకుముందు సౌమ్య గోకులం కేరళకు ఆడారు. 2022 ఆగస్టులోనే భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసింది. దాంతో ఆసియా క్లబ్ పోటీ కోసం తాష్కెంట్ చేరిన గోకులం మహిళల జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి రావాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి చేసిన సాధన కార్యాలయాల తగాదాలో కొట్టుకుపోవడం ఆ అమ్మాయిలకు జరిగిన అన్యాయం.

స్వదేశంలో ఆట నిడివే పెద్ద సమస్య. 2016-17లో మొదలైన ఇండియన్ విమెన్స్ లీగ్ చాలాకాలం ఒకే చోట కొన్ని వారాల్లో ముగిసిపోయే టోర్నీగానే సాగింది. జట్లు ఒకరి మైదానంలో ఒకరు ఆడే లీగ్ పద్ధతి 2023-24లో గానీ స్థిరపడలేదు. స్ట్రైకర్‌కు ఇలా వరుసగా మ్యాచ్‌లు దొరకడం ప్రాణప్రదం. డిఫెండర్ కదలికను చదవడం, బంతి రాకముందే ఖాళీలోకి పరుగెత్తడం మ్యాచ్ మీద మ్యాచ్ ఆడితేనే వంటబడతాయి. సౌమ్య జాగ్రెబ్ ప్రయాణాన్ని ఈ కోణంలోనే చూడాలి. అక్కడ ఎన్ని గోల్స్ వచ్చాయన్న లెక్క కన్నా, ఏడాది పొడవునా సాగే పోటీ వాతావరణంలో ఉండటమే పెద్ద లాభం.

తిరిగొచ్చాక సౌమ్య మళ్లీ గోకులంకు, ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. 2025 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీపై ఆమె చేసిన ఏకైక గోల్‌తో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచింది. పురుషుల జట్టు 2003-04లో జాతీయ లీగ్ నెగ్గాక ఆ క్లబ్‌కు దక్కిన తొలి జాతీయ లీగ్ టైటిల్ అది. ఆ సీజన్‌కు సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం కూడా సౌమ్యదే. 2025 జులైలో థాయిలాండ్‌ను ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించిన భారత బృందంలోనూ ఆమె ఉన్నారు. అర్హత పోటీల ద్వారా భారత మహిళలు ఆ టోర్నీకి చేరడం అదే మొదటిసారి.

అయితే సౌమ్య మెరిసిన ఆ 2024-25 మహిళల లీగ్‌లో ఆడిన ఎనిమిది జట్లలో తెలంగాణది ఒక్కటీ లేదు. ఉత్తర తెలంగాణలో ప్రతిభను చిన్నప్పుడే పట్టుకునేందుకు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రాంతీయ క్రీడా పాఠశాలలున్నాయి. చదువు, తిండి, శిక్షణ అక్కడ దొరుకుతాయి. పాఠశాల దాటాక జీతమిచ్చి ఆడించే క్లబ్ మాత్రం దగ్గర్లో లేదు. ఉట్నూరు తండా నుంచో, జగిత్యాల పల్లె నుంచో వచ్చే అమ్మాయి ఫుట్‌బాల్‌నే బతుకుతెరువుగా ఎంచుకుంటే, ట్రయల్స్ కోసం ఇప్పటికీ రాష్ట్రం దాటక తప్పదు.