కొత్తవాళ్లతో నేస్తం ఎందుకంటారా?

చిన్నప్పుడు దొరికినవాళ్లే స్నేహితులు, ఉద్యోగంలో పడ్డాక దొరికేవాళ్లంతా పరిచయస్తులే అన్న మాట ఈమధ్య మన నరసన్నపేటలో నలుగురు చేరిన ప్రతిచోటా వినిపిస్తోంది. దానికి తోకగా ఇంకొకటి: ముక్కూ మొహం తెలియనివాడు నవ్వుతూ పలకరించాడంటే వాడికి మనతో ఏదో పనుంది. ఈ రెండింటినీ పెద్దలు చెప్పిన బుద్ధులంటూ పిల్లలకు నూరిపోస్తున్నారు. పెద్దల పేరు చెప్పకండి. వాళ్లు బతికిన తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం.

సిక్కోలు జిల్లాలో పుట్టినవాళ్లకి నేస్తం కట్టడం గురించి చెప్పాలా? చెప్పాల్సే వస్తోంది. వేరే ఊరివాళ్లు, వేరే కులంవాళ్లు, వేరే పని చేసుకునేవాళ్లు ఇద్దరికి మనసు కలిస్తే రెండిళ్లవాళ్లూ చూస్తుండగా నేస్తం కట్టుకుంటారు. బట్టలు పెట్టుకుంటారు. ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలుపు ఉండదు, ‘నేస్తం’ అనే పిలుపు. పండక్కి పిండివంటలు వెళ్తాయి, పెళ్లికి పిలుపు వెళ్తుంది, చావుకి కబురు వెళ్తుంది. తండ్రులు కట్టిన నేస్తరికాన్ని కొడుకులు నిలబెట్టిన ఇళ్లున్నాయి. సరిహద్దు దాటితే ఒడిశాలో జగన్నాథుడి మహాప్రసాదం సాక్షిగా ఇలాంటి చెలిమే కట్టుకుంటారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోనూ ఆ ఆచారం ఉంది. అంటే ఇది ఏ ఒక్క ఊరి ముచ్చటో కాదు, ఈ నేల మొత్తానికి తెలిసిన పద్ధతి.

‘అదంతా ముందే బాగా ఎరిగినవాళ్ల మధ్య జరిగేది’ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. తప్పు. మేనత్త కొడుకుతో ఎవరైనా నేస్తం కడతారా? అక్కడ వరస ఉండనే ఉంది. వరస లేనిచోట వరస కల్పించడానికే ఇది పుట్టింది. వంశధార అవతలి ఊరికి ఎడ్లు కొనడానికి వెళ్లిన రైతుకి రాత్రికి తలదాచుకునే గడప కావాలి, ఆ ఊళ్లో తన మాటకి పూచీ పడే మనిషి కావాలి. బంధువులు లేని ఊళ్లో ఆ మనిషి మొదట కొత్తవాడే కదా! ‘ఏ ఊరు బావూ మీది? ఎవులి తాలూకా?’ అని ఎవరో ఒకరు ముందు నోరు విప్పబట్టే తరాలు నిలిచిన బంధాలు మొదలయ్యాయి. నేస్తరికం కులాన్ని చెరిపేసిందని నేననను, చెరపలేదు. కానీ కులం గోడకి ఒక గుమ్మం పెట్టింది. ఇప్పుడు ఆ గుమ్మాన్నీ మూసేస్తున్నాం.

మోసాల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, దాటవేయను. ‘డిజిటల్ అరెస్ట్’ అంటూ ఫోన్లో బెదిరించి డబ్బు గుంజేవాళ్లు చేసే మొదటి పని ఏమిటి? ఈ విషయం ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటారు, తొందరపెడతారు. మోసానికి చాటూ కావాలి, తొందరా కావాలి. నేస్తరికానికి రెండూ పనికిరావు. అది నలుగురి ఎదుట, ఇంటివాళ్ల ఎరుకలో, నిదానంగా జరుగుతుంది. కొత్తవాణ్ని పరీక్షించే ఉపాయం మన దగ్గరే ఉంది: ఇంటికి పిలవండి, ఇంట్లోవాళ్లకి పరిచయం చేయండి, వాళ్లింటికీ వెళ్లండి. వెలుగులో నిలబడలేనివాడు తనంతట తనే తప్పుకుంటాడు. మోసాల భయంతో పలకరింపే మానేయడం ఎందుకు?

ఆడపిల్లల ప్రస్తావన తెచ్చి నోరు మూయించాలని చూసేవాళ్ల మాట మరీ అన్యాయం. పెళ్లి చేసి, నిన్నటిదాకా మొహం చూడని ఇంటికి కూతుర్ని పంపేది మనమే. అత్తారి ఊళ్లో తొలిఏడు ఆమెకి కష్టం చెప్పుకోడానికి తోటి ఆడమనిషి కావాలి. కనుకనే ఆడవాళ్లూ ఆడవాళ్లతో నేస్తం కట్టుకున్నారు. కొత్తవాళ్లతో మాట్లాడకని పాతికేళ్లు పెంచిన పిల్లని కొత్తవాళ్ల మధ్య వదిలేస్తే, ఆమె ఒంటరితనానికి బాధ్యులెవరు?

ముందుగా పలకరిస్తే చులకనైపోతామన్న బెరుకు చాలామందిది. ఆ అంచనా తప్పని తేలింది కూడా. 2014లో వెలువడిన అధ్యయనంలో పరిశోధకులు నికొలస్ ఎప్లీ, జులియానా ష్రోడర్ షికాగో రైళ్లలో కొందరు ప్రయాణికుల్ని పక్క సీటువాళ్లతో మాట్లాడమన్నారు. అది ఇబ్బందిగానే ఉంటుందని జనం ఊహించారు, తీరా మాట్లాడినవాళ్లకి ప్రయాణం హాయిగా గడిచింది. ఎదుటివాళ్లకి మనం నచ్చిన దానికంటే తక్కువే నచ్చామనుకుంటామని 2018లో ఎరికా బూత్‌బీ బృందం చూపించింది. తిలారు స్టేషన్లో రైలెక్కేవాళ్ల మనసు ఇందుకు వేరుగా ఉంటుందని నేననుకోను.

అయితే ఒక్క నవ్వుతో స్నేహం కుదిరిపోతుందనేవాళ్లతోనూ నాకు పేచీయే. దగ్గరి స్నేహం కావాలంటే ఇద్దరూ కలిసి గడిపిన కాలం 200 గంటలు దాటాలని అమెరికాలో పరిశోధకుడు జెఫ్రీ హాల్ లెక్కగట్టాడు. ఆ లెక్క తెలియకుండానే మనవాళ్లు ఏటేటా వచ్చే పండగలకి రాకపోకలు ముడిపెట్టి, బంధం ఆరిపోకుండా చూసుకున్నారు. పెద్దయ్యాక స్నేహాలు కుదరడం లేదని వాపోయేవాళ్లలో చాలామంది పలకరింపు దగ్గరే ఆగిపోయారు. రెండోసారి ఇంటికి వెళ్లలేదు.

పని కోసం మన కుర్రాళ్లు చెన్నై, హైదరాబాద్ పోతున్నారు. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతున్నారు. వాళ్లని అక్కడ ఎవరైనా ఆదరించాలని దేవుడికి మొక్కుకుంటాం. మరి బదిలీ మీద మన పేట వచ్చి అద్దెకు దిగిన టీచరు, పొట్టకూటికి ఒడిశా నుంచి వచ్చిన కూలి? ఇల్లు అద్దెకిచ్చేముందు కులం అడిగాం. ఆ తరవాత ఇంకేమీ అడగలేదు. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. వచ్చే సంక్రాంతికి ఆ ఇంటికి అరిసెలు పట్టుకెళ్లండి, మీ పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వెళ్లండి.