ఐరోపా తక్కెడ

ఐరోపా రాజ్యముల మంత్రులు బీజింగు నగరమునకు పోవునపుడెల్ల రెండు మూటలు వెంట గొనిపోవుదురు. ఒకటి వర్తకపు మూట, రెండవది మానవ హక్కుల మూట. మొదటిది నిండు సభలో, విలేఖరుల యెదుట విప్పబడును. రెండవది తలుపులు మూసిన గదిలో విప్పబడి అచ్చటనే మరల కట్టబడును. 1995 నుండి దీనికి 'మానవ హక్కుల సంభాషణ' యని పేరు. ఈ రెంటిని సరితూచుటయే రాజనీతి యని వారి పండితులు వ్రాయుచున్నారు. తూకము మంచిదే. కాని తక్కెడ యెవరి చేతిలో నున్నదో చూడక తూకమును మెచ్చుట సంతలో మోసపోవువాని లక్షణము.

పాత లెక్కలు కొంచెము తిరుగవేయుదము. 1989 జూన్ 4వ తేదీన టియానన్మెన్ పరిసరములలో సైన్యము విద్యార్థులను, పౌరులను కాల్చిచంపగా, ఆ నెలలోనే మాడ్రిడ్‌లో చేరిన ఐరోపా నాయకులు చైనాకు ఆయుధములు అమ్మరాదని నిర్ణయించిరి. ఆ నిషేధము నేటికిని నిలిచియున్నది. అంతవరకు మెచ్చదగినదే. 1997లో జెనీవాయందు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘములో చైనాపై తీర్మానము తెచ్చు భారము చిన్న దేశమగు డెన్మార్కుపై బడినది. ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, స్పెయిను ప్రక్కకు తప్పుకొనినవి. తీర్మానము చర్చకే రాలేదు. మరుసటి నెలలో ఫ్రాన్సు అధ్యక్షుడు షిరాక్ బీజింగునకేగి 30 ఎయిర్‌బస్ విమానములకు ఆర్డరు తెచ్చుకొనెను. విమానముల కొరకే మౌనము వహించిరని మేము రుజువు చేయజాలము. పరిస్థితుల సాక్ష్యమును తూచ నేర్చిన వారికి మేము వేరుగ చెప్పనక్కరయు లేదు.

నార్వే కథ యింకను విచిత్రము. 2010లో అచ్చటి నోబెలు సంఘము, 11 ఏండ్ల కారాగార శిక్ష ననుభవించుచున్న లియు షియావోబోకు శాంతి బహుమాన మొసగెను. ఆ సంఘము ప్రభుత్వపు చెప్పుచేతలలోనిది కాదు. ఐనను చైనా కోపము నార్వే ప్రభుత్వముపైనను, సాల్మన్ చేపల బేరముపైనను విరుచుకుపడెను. ఆరేండ్ల తరువాత, 2016 డిసెంబరులో, చైనా మూల ప్రయోజనములకు భంగకరమగు చర్యలను బలపరచబోమని వ్రాతమూలముగ నొప్పుకొని నార్వే ఆ చెలిమిని మరల సంపాదించుకొనెను. 2017 జులై 13న లియు నిర్బంధములోనే మరణించెను. చేపలు మాత్రము చైనా సంతకు చేరుచునే యున్నవి.

2017 జూన్‌లో జెనీవాయందు చైనాను మందలించు ఐరోపా ప్రకటనను గ్రీసు అడ్డగించెను. తక్కినవారు గ్రీసును దుయ్యబట్టిరి. అంతకు ముందటి యేడే చైనా ప్రభుత్వపు కంపెనీ కాస్కో పిరేయస్ రేవులో నూటికి 51 వంతులు కొనియుండెను, నిజమే. కాని ఆస్తులమ్మి బాకీ తీర్పుమని గ్రీసు మెడపై కూర్చున్న దెవరు? అప్పులిచ్చిన ఐరోపా షావుకార్లే గదా! అమ్మించినవారే, కొన్నవాని మాట వినుచున్నావేమని గద్దించుట యే ధర్మము?

అన్నిటికంటె మాకు వింతగ దోచినది 2020 డిసెంబరు 30న కుదిరిన పెట్టుబడుల ఒడంబడిక. ఏడేండ్ల బేరమది. షింజియాంగులో ఉయిగర్ ముస్లిములను లక్షల సంఖ్యలో శిబిరములలో పెట్టిరనియు, వారిచే వెట్టి చేయించుచున్నారనియు అప్పటికే లోకమెల్ల వినియున్నది. వెట్టిని నిషేధించు అంతర్జాతీయ కార్మిక ఒప్పందముల నామోదించుటకు చైనా 'నిరంతర ప్రయత్నము' చేయునని యొక షరతు వ్రాసికొనిరి. 'బాకీ తీర్చుటకు నిరంతర ప్రయత్నము చేయుదును' అని ప్రామిసరీ నోటు వ్రాయించుకొను షావుకారు మన జిల్లాలలో నొక్కడైన గలడా? 2022 ఏప్రిల్‌లో చైనా ఆ ఒప్పందముల నామోదించినది సుమా! అయినను ఆ ఆగస్టు 31ననే, షింజియాంగు నిర్బంధములు మానవజాతిపై నేరములు కావచ్చునని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయము నివేదించెను.

2021 మార్చి 22న ఐరోపా నలుగురు చైనా అధికారులపై ఆంక్షలు విధించెను. చైనా వెంటనే ఐరోపా పార్లమెంటు సభ్యులతో సహా పదిమందిపై ఎదురాంక్షలు వేసెను. అప్పుడు గదా పార్లమెంటునకు రోషము వచ్చినది! ఎదురాంక్షలు తొలగువరకు ఒడంబడిక ముఖము చూడబోమని మే 20న తీర్మానించిరి. 599 మంది ఔననిరి, 30 మందియే కాదనిరి. ఒడంబడిక అటకెక్కెను. ఫలము మంచిదే. కాని ఉయిగర్ వీపున పడిన దెబ్బకంటె తమ చెంపన పడిన దెబ్బయే ఆ సభకు నొప్పి కలిగించెను.

దీనికంతటికి చైనా చెప్పు జవాబొకటి కలదు: నల్లమందు నమ్మిన చేతులు మాకు నీతి బోధింపవచ్చునా యని. ఇందలి కసి మనకు తెలియనిది కాదు. 1839-42 నాటి యుద్ధమునకు మూలమైన నల్లమందు బీహారు, కాశీ, మాళవ ప్రాంతముల పంట. 1841లో కాంటన్ పొలములలో తుపాకి పట్టినవారిలో మన మదరాసు 37వ పటాలపు సిపాయిలుండిరి. ఐరోపాకు బోధించు అర్హత లేదనుడు, ఒప్పుకొందుము. కాని నాటి దోషమేమి? బేరము ముందు మనుష్యుని గడ్డిపరకగ జూచుటయే గదా. అదే దోషము బీజింగు చేసినచో నాటి యపచారము దానికి చెల్లుచీటీ యగునా? ఉయిగర్ రైతు ఎవరికి నల్లమందు అమ్మెను? ఇల్హాం తోహ్తీ యను అర్థశాస్త్రోపాధ్యాయుడు తన ప్రజల గోడు కలముతో చెప్పి 2014లో యావజ్జీవ శిక్ష పొందెను. 2019లో ఐరోపా పార్లమెంటు సఖారోవ్ బహుమాన మీయగా, దాని నందుకొనుటకు అతని కుమార్తె రావలసివచ్చెను. కోట్లమందిని దారిద్ర్యము నుండి తీసితిమందురు. తీసిరి, గొప్ప పనియే. అన్నము పెట్టినవాడు నోరు కుట్టవచ్చునని యే శాస్త్రమున నున్నది?

2024లో ఐరోపా చైనాకు అమ్మినదానికంటె కొన్నది 30,000 కోట్ల యూరోలకు పైగా నెక్కువ. కొనువాడింత పెద్దవాడైనపుడు జంకవలసిన దెవరు? ఆ యేటనే వెట్టి సరకుల నిషేధ శాసనమును చేసి, 2027 డిసెంబరు 14 నుండి అమలుపరతుమనిరి. దానిలో పెద్ద లోపము కలదు. అమెరికా శాసనము 2022 నుండి షింజియాంగు సరకును వెట్టి సరకేయని యెంచి, కాదని నిరూపించు భారమును దిగుమతిదారుపై నుంచినది. ఐరోపా శాసనము ఆ భారమును అధికారులపై బెట్టెను. స్వతంత్ర పరిశీలకులను స్వేచ్ఛగ తిరుగనీయని చోట అధికారి సాక్ష్యము నెచ్చటినుండి తెచ్చును? రుజువు భారమును మార్పవలెను. సరకు తెచ్చినవాడే బోనెక్కవలెను.

మనవారి సంగతి దాచుట న్యాయము కాదు. 1938లో, జపాను చైనాపై దండెత్తియున్నపుడు, మన కాంగ్రెసు ఐదుగురు వైద్యులనంపెను. వారిలో కోట్నీసు 1942లో అచ్చటనే ప్రాణము విడిచెను. పరాధీనులమై యుండియు నాడు లాభనష్టములు గణింపలేదు. 2022 అక్టోబరు 6న జెనీవాయందు, షింజియాంగు నివేదికను చర్చింపవలెనా వలదా యను ప్రశ్న వచ్చినది. చర్చ మాత్రమే! 17 రాజ్యములు కావలెననినవి, 19 వలదనినవి, 11 తటస్థముగ నుండినవి. ఆ 11లో భారతదేశ మొకటి. ఏల తటస్థముగ నుండిరో మన లోకసభ సభ్యులు అడుగవలెను, జవాబును అచ్చువేయించి మన పఠనమందిరములకు పంపవలెను.