‘ఖర్చు’ అంటే ఏ ఖర్చు?

కౌడిపల్లిలో చాయ్ హోటల్ దగ్గరైనా, వడ్ల కుప్ప దగ్గరైనా మద్దతు ధర మాటెత్తితే చాలు, ఒక జవాబు వస్తుంది: “ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నరు గదా, స్వామినాథన్ చెప్పింది గదే గదా, ఇంకేం గావాలె?” పాలకులు అంటే సరే. మన రైతులే అంటున్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు.

ఉత్పత్తి ఖర్చుకు కనీసం 50 శాతం కలిపి ధర ఇవ్వాలన్నది స్వామినాథన్ అధ్యక్షుడిగా ఉన్న జాతీయ రైతు కమిషన్ సిఫారసు. అలా కలిపితే మార్కెట్ దెబ్బతింటుందని 2015లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. 2018 బడ్జెట్‌లో అదే ప్రభుత్వం, ఒకటిన్నర రెట్లు ఇస్తామని ప్రకటించింది. కాదన్నది మూడేళ్లలో ఎలా అయింది? ‘ఖర్చు’ అనే మాటలో ఉంది కిటుకు.

2025–26 వానాకాలానికి సాధారణ రకం వడ్ల ధర క్వింటాలుకు రూ.2,369. ప్రభుత్వం చూపిన ఖర్చు రూ.1,579. లెక్క సరిగ్గా ఒకటిన్నర రెట్లే, తప్పు లేదు. కానీ ఇది ఏ2+ఎఫ్‌ఎల్ ఖర్చు: చేతి నుంచి పెట్టినది, దానికి ఇంటిల్లిపాది కష్టం విలువ. సొంత భూమికి రావాల్సిన కౌలు, బోరు, మోటారు మీద పెట్టిన సొంత డబ్బుకు వడ్డీ ఇందులో లేవు. అవి కలిస్తేనే సీ2. రైతు సంఘాలు అడుగుతున్నది సీ2 మీద 50 శాతం.

అడిగేటప్పుడు ఒక అర్థం, ఇచ్చేటప్పుడు ఇంకో అర్థం. మన న్యాయశాస్త్రంలో దీన్ని వాక్‌ఛలం అన్నారు. ‘నవ కంబళం’ కప్పుకున్నాడని ఒకడంటే, కొత్త గొంగడి అని తెలిసి కూడా “తొమ్మిదెక్కడివి, ఒకటే ఉంది గదా” అని ఎదురు తిరగడం. గొంగడి విషయంలో నవ్వుకోవచ్చు, వడ్ల విషయంలో ఎట్లా నవ్వుతాం?

“సొంత భూమికి కౌలేంది, ఎవరికి కడుతున్నవ్?” అని కూడా అంటారు. సొంత మడిగెలో దుకాణం పెట్టిన సేటు, ఆ మడిగె కిరాయికిస్తే ఎంత వచ్చేదో లెక్క చూసుకోడా? కరెంటు ధర నిర్ణయించేటప్పుడు ఉత్పత్తి సంస్థల సొంత పెట్టుబడికి రాబడి కలుపుతారు. అక్కడ న్యాయమైంది పొలం గట్టు మీదికొచ్చేసరికి అత్యాశ అవుతుందా?

“బండ్లు కొన్నరు, ఇంకా ఏడుపేంది” అనేవాళ్లకు జవాబు అక్కర్లేదు. అది ధర గురించిన మాటే కాదు.

ఇకమీదట ఎవరు ఒకటిన్నర రెట్లు అన్నా, మన సభ్యులు ముందుగా ఒకటే అడగాలి: “ఏ2నా, సీ2నా?”