మూడున్నర మిల్లీమీటర్ల హక్కు

కారు నాది. కొన్న డబ్బు నాది. పాట నాది. ఆ కారులో ఆ పాట వినే అధికారం మాత్రం నాది కాదట! ఈ టపా ఆ అన్యాయం గురించే.

సంగతేమిటంటే, నా దగ్గర అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన పాత ఎంపీత్రీ ప్లేయరు ఒకటుంది. 2008 సంక్రాంతికి చండ్రుగొండలో మా ఇంటి వసారాలో కూర్చుని మా అమ్మ పాడిన పెళ్ళిపాటలు, మంగళహారతులు, నాట్లపాటలు ఇరవైరెండు అందులో ఉన్నాయి. వెనకాల కోళ్ళ అరుపులూ ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేదు. ఆ పాటలు ఏ దుకాణంలోనూ దొరకవు, ఏ సంగీత సంస్థ జాబితాలోనూ లేవు. చండ్రుగొండ నుంచి కొత్తగూడెం వెళ్ళే దారిలో, కిటికీ అద్దం దించుకుని వాటిని వినాలన్నది నా కోరిక. గొంతెమ్మ కోరికేమీ కాదు కదా!

నేను కొన్నది పాత కారు. కర్మాగారంలోనే బిగించిన స్టీరియో దానికుంది. నాలుగు స్పీకర్లు, మంచి ధ్వని, రేడియో, సీడీ. ఆ సీడీ యంత్రం పళ్ళేన్ని మింగుతుంది, కక్కుతుంది, చదవదు. బయటి ప్లేయరును తగిలించడానికి ముందువైపు చిన్న రంధ్రమైనా లేదు. బాగుచేసే కుర్రవాడు చూసి, "సార్, ఇది డ్యాష్‌బోర్డుతో కలిపి పోసిన అచ్చు. తీసేస్తే స్టీరింగు మీద మీటలు పనిచేయవు. వేరే సెట్టు ఇందులో కూర్చోదు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నమాట.

పోనీ దొడ్డిదారులేమైనా ఉన్నాయా అని వెతికాను. ఉన్నాయి. వాటి తీరు చూడండి.

మొదటిది ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు. సిగరెట్ లైటరు గూట్లో పెట్టే బుల్లి పరికరం. ప్లేయరులోని పాటను రేడియో తరంగంగా మార్చి అడుగు దూరంలో ఉన్న స్టీరియోకు ప్రసారం చేస్తుంది. చెంతనే ఉన్న మనిషితో మాట్లాడటానికి ఉత్తరం రాసి తపాలాలో వేసినట్టు! 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఖాళీగా ఉన్న చోటు వెతుక్కోవాలి. మా అడవి అంచున ఖాళీకి కొదవలేదు కాబట్టి చండ్రుగొండలో అది చక్కగానే పలుకుతుంది. ఊళ్ళు దగ్గరయ్యేకొద్దీ మొదలవుతుంది తంటా. ఒకే చోట రెండు ప్రసారాలు తగిలితే బలమైనదాన్ని పట్టుకుని బలహీనమైనదాన్ని వదిలేయడం ఎఫ్.ఎం. రేడియో స్వభావం. కొత్తగూడెం చేరేసరికి అమ్మ గొంతు మీదుగా ఆకాశవాణి వచ్చేస్తుంది. ఇక హైదరాబాదులో ఆ వరుసంతా స్టేషన్లే, ఖాళీ ఎక్కడ?

రెండవది క్యాసెట్ ఆకారంలో ఉండే తీగ. క్యాసెట్ గూడు ఉన్నవారికి ఇది నిజంగా వరం. నాకు ఆ గూడు లేదు.

మూడవది వింటే మీకు నవ్వొస్తుంది. ఇలాంటి స్టీరియోలు చాలావాటికి వెనకవైపు ఒక ద్వారం ఉంటుంది, డిక్కీలో పెట్టుకునే సీడీ ఛేంజరు కోసం. అంటే బయటి ధ్వనిని లోపలికి తీసుకునే ఏర్పాటు యంత్రంలో ముందే ఉంది! కానీ అటు నుంచి "నేను సీడీ ఛేంజరునే" అనే సంకేతం అందితే తప్ప ఆ ద్వారం తెరుచుకోదు. అందుకని ఆ మాట అబద్ధంగా చెప్పే పెట్టెలు అమ్ముతారు. నా కారులో నా పాట వినాలంటే నా ప్లేయరు మారువేషం వేయాలి. ఇది సాంకేతిక అవరోధం కాదు మిత్రులారా, పెత్తనం.

ఒకప్పుడు ఇలా లేదు. కారు స్టీరియో గూటికి 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు అని అంతర్జాతీయ కొలత ఉంది. ఎవరి సెట్టయినా ఎవరి కారులోనైనా కూర్చునేది. అలాగే 3.5 మి.మీ. పిన్ను. టెలిఫోను ఎక్స్ఛేంజిలలో పుట్టిన 6.35 మి.మీ. పిన్నుకు తమ్ముడది. 1979లో వచ్చిన వాక్‌మన్‌తో ఊరూరా తిరిగింది. దానికి అనుమతి అక్కర్లేదు, రహస్య సంకేతం అక్కర్లేదు. ఎవరిదైనా ఎవరిలోనైనా దూరుతుంది.

తెలుగు బ్లాగర్లకు ఈ తేడా నేను చెప్పాలా? ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి ఉన్న రోజులు మరిచిపోయామా? ఒకరి ఖతిలో రాసింది మరొకరి ఖతిలో పిచ్చిగీతలయ్యేది. దాన్ని చదువుకోవడానికి 'పద్మ' వంటి మారకపు పనిముట్లు కావలసివచ్చాయి. 1991లోనే యూనికోడులో తెలుగుకు చోటు దక్కినా, అది మన ముంగిట్లోకి రావడానికి ఎంత కాలం పట్టిందో మనకు తెలుసు. ధ్వనికి ఆ 3.5 మి.మీ. రంధ్రమే యూనికోడు. తక్కినవన్నీ సొంత ఖతులు.

ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. ఐపాడునే చూడండి. 2003లో ముప్పై కాళ్ళ పిన్నుకు మారింది. దానికోసం కార్లలో ప్రత్యేకంగా తీగలు అమర్చి అమ్మారు. 2012లో ఆ కంపెనీ ఆ పిన్నును వదిలేసి లైట్నింగ్ అన్నది. 2022లో ఐపాడు తయారీయే ఆగింది. 2023లో ఐఫోన్‌కు యూఎస్‌బీ-సీ వచ్చింది. ఇరవై ఏళ్ళలో మూడు ద్వారాలు! కారు మాత్రం అదే కారు. వాక్‌మన్ నాటి పిన్ను నేటికీ అదే పిన్ను.

"ఇప్పుడు బ్లూటూత్ ఉందిగా, పాటలన్నీ అంతర్జాలంలోనే ఉన్నాయిగా" అనేవారికి రెండు మాటలు. పాత కార్లలో చాలావాటి బ్లూటూత్ ఫోను మాటలకే పరిమితం, పాటలకు పనికిరాదు. ఇక అంతర్జాలం. కనకగిరి గుట్టల పక్కన నా ఫోనుకు సంకేతం అందదు. అందినా, అక్కడ దొరికేది అద్దె పాట. నెలసరి చందా ఆగితే అదీ ఆగిపోతుంది. మా అమ్మ పాట అద్దెకు దొరికేది కాదు.

"బండి నడిపేటప్పుడు ఈ పరికరాలు ప్రమాదం కదా" అనే మాటలో న్యాయం ఉంది. నడుపుతూ ఫోను చేతపట్టుకోవడం 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం శిక్షార్హం. ఉండవలసిందే. కానీ తీగ తగిలించి, పాట మొదలుపెట్టి, జేబులో పడేసుకున్నవాడి చేతులు స్టీరింగు మీదే ఉంటాయి. ఖాళీ స్టేషను కోసం మీట తిప్పుతూ పోయేవాడి కళ్ళే దారి తప్పుతాయి.

రంధ్రం ఆకారం గురించి కూడా చట్టాలు చేస్తారా అని నవ్వకండి. చేశారు. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు, హెడ్‌ఫోన్లకు యూఎస్‌బీ-సీ ద్వారం తప్పనిసరి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక జాలస్థలి తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి. మరమ్మతు హక్కయినప్పుడు అనుసంధానం ఎందుకు కాకూడదు?

నేనడిగేది రెండే. అమ్మే ప్రతి కారు స్టీరియోకూ, ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేని ద్వారం ఒకటి ఉండాలి. ఆ స్టీరియో తెర మీద పాట పేరు తెలుగులో రాస్తే తెలుగులోనే కనబడాలి. మొన్న ఒక మిత్రుడి కొత్త కారులో యూఎస్‌బీ తగిలించి చూశాను. పాటలు వచ్చాయి, పేర్ల స్థానంలో డబ్బాలు వచ్చాయి. డబ్బాల మీద మనం గెలిచామనుకున్నాను. తెరల మీద గెలిచాం, డ్యాష్‌బోర్డు మీద ఇంకా గెలవలేదు.

ప్రస్తుతానికి నేను ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరుతోనే కాలక్షేపం చేస్తున్నాను. ఇరవైరెండు పాటల్లో ఏడో ఎనిమిదో పూర్తయ్యేసరికి కొత్తగూడెం వస్తుంది, అమ్మ గొంతు గరగరలో కలిసిపోతుంది. తక్కినవి తిరుగుప్రయాణానికి దాచుకుంటాను.

కారు కొనబోయే మిత్రులకు ఒక మనవి. రంగు చూడండి, మైలేజీ అడగండి. ఆపైన జేబులోంచి ఒక తీగ తీసి, "ఇది ఎక్కడ పెట్టాలండీ?" అని కూడా అడగండి. పదిమంది అడిగితే ప్రశ్న, పదివేలమంది అడిగితే ద్వారం.