ఆ ముగ్గురి మౌనం

ఆదివారం. ఇంట్లో ఆరుగురు. ఏం వండాలన్న మాట వచ్చింది. ఐదుగురు కోడికూరకే ఓటేశారు. నానమ్మ మాత్రం ముట్టదు. మెజారిటీ గెలిచింది కాబట్టి కోడికూరే వండుతారు. అలాగని నానమ్మ కంచంలోనూ అదే వడ్డిస్తారా? ఆమెకోసం పప్పు వేరే గిన్నెలో ఉడుకుతుంది. ఆ గిన్నె పెట్టాలా వద్దా అని ఎవరూ ఓటింగు పెట్టరు!

దేశానికి ప్రాథమిక హక్కులు ఆ పప్పుగిన్నె లాంటివే.

1985లో కేరళలోని ఓ బళ్లో ముగ్గురు తోబుట్టువులు చదివేవారు. జాతీయగీతం మొదలవగానే అందరితోపాటు లేచి నిలబడేవారు, గొంతు మాత్రం కలిపేవారు కాదు. యెహోవా సాక్షులైన వారి విశ్వాసం పాడటానికి ఒప్పుకోదు. ఆ విషయం శాసనసభలో ప్రస్తావనకొచ్చింది. పిల్లలు గీతాన్ని అగౌరవపరచలేదని విచారణ కమిషన్‌ తేల్చినా, జులైలో వాళ్లని బడినుంచి పంపేశారు. హైకోర్టులోనూ ఊరట దక్కలేదు.

చివరికి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్‌ ఒ.చిన్నపరెడ్డి. జాతీయగీతం పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదనీ, గౌరవంగా నిలబడితే చాలనీ 1986 ఆగస్టు 11న స్పష్టంచేశారు. రాజ్యాంగంలోని 19, 25 అధికరణలను గుర్తుచేసి, పిల్లలను తిరిగి చేర్చుకోమన్నారు. వేళ్లమీద లెక్కపెట్టగలిగే కొద్దిమందికి కూడా చోటు దొరకడమే ప్రజాస్వామ్యానికి అసలు పరీక్ష అన్నది ఆ తీర్పు సారాంశం.

అదే ప్రశ్నకు ఊరంతా చేతులెత్తి ఓటేసి ఉంటే? ఆ ముగ్గురి చదువూ అక్కడితో ఆగిపోయేదేమో!

అలాగని కొద్దిమంది ఏం చేసినా చెల్లుతుందని కాదు. ప్రజాభద్రత, నైతికత, ఆరోగ్యాలకు లోబడే మతస్వేచ్ఛ అని 25వ అధికరణే చెబుతోంది. జాతీయగీతం పాడుతున్నవారిని అడ్డుకుంటే 1971 చట్టం ప్రకారం శిక్ష తప్పదు. ఈ పిల్లలు ఎవరినీ అడ్డుకోలేదు. తేడా అక్కడే ఉంది.

ఇదంతా ‘వాళ్ల’ గొడవ అనిపిస్తోందా? ఇక్కడ తెలుగు మనందరి భాష. అబ్బాయి ఉద్యోగానికని చెన్నై వెళ్లి స్థిరపడితే, అక్కడ మనమే అల్పసంఖ్యాకులం. మన భాషలో బడి పెట్టుకునే హక్కునిచ్చే 30వ అధికరణ అప్పుడు మనకే అండ.

ఎవరి ఇంట్లో ఎవరు ఎప్పుడు నానమ్మ స్థానంలో ఉంటారో చెప్పలేం. అందుకే, ఆ పప్పుగిన్నె పొయ్యి దిగకుండా చూసుకోవాలి.