పెద్దల వైద్యపు పద్దు పుస్తకము

సి.ఎం.సి. యని మనము పిలుచుకొను వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి ముంగిట ఏ ఉదయమున నిలిచినను తెలుగు మాట వినబడును. 1900లో డాక్టరు ఐడా స్కడ్డరు ఒక్క మంచముతో ఆరంభించిన ఆ వైద్యాలయమునకు చిత్తూరు సీమనుండియు, గుడియాత్తమునుండియు మనవారు తరతరములుగా వచ్చుచున్నారు. వచ్చిన పెద్దల చేతి సంచిలో కాగితములకు కొదువ లేదు. వానిలో ఏమున్నదో మాత్రము తెచ్చినవారిలో పలువురకు తెలియదు.

గుడియాత్తములో మా యెరుకనున్న నేతపని పెద్ద ఒకరికి వెనుక పెన్సిలిన్ సూది వికటించినది. ఆ సూది తనకు పడదని ఆయన తెలుగున చీటీ వ్రాసి సంచిలో ఉంచుకొనిరి. ఒక రాత్రి తీవ్రమైన జ్వరముతో ఆయనకు మాట పడిపోగా మనుమడు ఆసుపత్రికి తీసికొనిపోయెను. చీటీ ఆ పిల్లవాని చేతికే వచ్చినది గాని వానికి తెలుగు అక్షరములు రావు. అదృష్టవశమున సూది వేయుటకు మునుపే అవ్వ వచ్చి చదివి వినిపించినది.

ఇందులో పిల్లవాని తప్పు లేదు. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము మొదలు మన పిల్లలు తమిళమును తప్పనిసరిగా చదువుచున్నారు. అనేక గృహములలో తెలుగు లిపి పెద్దలతోనే నిలిచిపోయినది. ఇది విచారింపదగిన విషయమే. కాని ఆ విచారము తీరువరకు జబ్బు ఆగదు గదా!

కావున ప్రతి పెద్దకు ఒక పుస్తకము ఉండవలెననియు, దానిని ఇద్దరు కూర్చుండి వ్రాయవలెననియు మా అభిప్రాయము. ఎడమ పుటలో పెద్దలు తెలుగున తమ మాటలతో వ్రాయుదురు గాక. కుడి పుటలో మనుమడో మనుమరాలో అదే విషయమును తమిళమునను, మందుల పేర్లను ఇంగ్లీషునను వ్రాయవలెను. పడని మందులు మొదటి పుటలోనే ఎర్ర సిరాతో ఉండవలెను. తరువాత జబ్బులు, అవి బయటపడిన సంవత్సరములు, శస్త్రచికిత్సలు, ఇప్పుడు వాడు మందులు, వాని మోతాదు, ఆసుపత్రి నంబరు వ్రాయవలెను. నాటు మందులను దాచరాదు.

పాత అంకెలు ఎందులకని కొందరు అడుగుదురు. రక్తములో క్రియాటినిన్ నేడు 1.2 ఉన్నదనుకొందము. ఏండ్ల తరబడి అంతే యున్నచో భయము తక్కువ. నిరుడు 0.7 ఉండినచో మూత్రపిండములను వెంటనే పరీక్షింపవలెను. నేటి అంకెకు అర్థము చెప్పునది నిన్నటి అంకెయే.

ఆసుపత్రివారే అన్నియు దాచుదురని నమ్మి యుండరాదు. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారము, ఆసుపత్రిలో చేరిన రోగుల పత్రములను వైద్యులు చికిత్స మొదలైన నాటినుండి 3 ఏండ్లు ఉంచిన చాలును. రోగి కోరినచో 72 గంటలలో వానిని ఇయ్యవలెను. ఆ గడువులోనే అడిగి తెచ్చుకొనుడు. ఇ.సి.జి. కాగితము వేడిమికి వెలిసిపోవును గనుక నకలు తీయించుడు. 14 అంకెల ఆభా సంఖ్యతో పత్రములను కలుపు ఏర్పాటును ప్రభుత్వము 2021లో దేశమంతటికి విస్తరింపజేసినది. అది మంచిదే. అయినను మన సంచిలోని పాత చీటీలు తమంతట తాము పోయి అందులో చేరవు.

జబ్బుల చిట్టా వ్రాయుట అపశకునమని సంకోచించు పెద్దలు కలరు. మగ్గము కూలి పద్దును ఒక్క రూపాయి తప్పకుండ వ్రాసుకొను చేతులు తమ దేహపు పద్దును వ్రాయకుండుట న్యాయమా?

వచ్చు ఆదివారము తాతయు మనుమడును ఒక గంట కలిసి కూర్చుండి మొదటి పుట వ్రాయవలెనని మనవారిని కోరుచున్నాము. ఆ గంటలో పిల్లవానికి నాలుగు తెలుగు అక్షరములు అబ్బినచో మాకు మరింత సంతోషము.