ఆట చూస్తున్నామా, లెక్క చూస్తున్నామా?

ఒలింపిక్స్ వచ్చాయంటే మా హుస్నాబాదు చాయ్ హోటళ్లలో అందరూ లెక్కల మాస్టర్లే. "ఎన్నొచ్చినయ్ సారూ?" అని ఒకాయన. "ఆరే" అని ఇంకొకాయన. "నూట నలభై కోట్ల మందికి ఆరేనా!" అని మూడో ఆయన. అంతటితో క్రీడాచర్చ సమాప్తం. ఎవరు ఆడారు, ఎలా ఆడారు అన్న ప్రశ్నే పుట్టదు. వడ్లు ఎన్ని బస్తాలైనయని అడిగినట్టే పతకాలనీ అడుగుతాం. వడ్ల సంగతి అడిగేవాడు పొలం మొహమైనా చూసి ఉంటాడు!

నేను ఆటగాణ్ణి కాను, టీవీ ముందు కూర్చునే మామూలు ప్రేక్షకుణ్ణి. అయినా చెబుతున్నాను: పట్టిక చూడటం ఆట చూడటం కాదు. 2024 పారిస్‌లో మీరాబాయి చానుకు కంచు పతకం ఒక్క కిలోలో తప్పిపోయింది. 1984లో పి.టి. ఉషకు సెకనులో నూరోవంతులో తప్పింది. పట్టికలో రెండూ సున్నాలే. ఊపిరి బిగబట్టి చూసినవాడికి సున్నా అనడానికి నోరొస్తుందా?

పోనీ, మనకు పతకాలంటేనే ప్రీతి అనుకుందామా? అదీ అబద్ధమే! అదే పారిస్‌లో, ఒలింపిక్స్ ముగిసిన మూడు వారాల లోపే పారాలింపిక్స్ జరిగాయి. మనకు 29 పతకాలొచ్చాయి, అందులో 7 బంగారువి. ఆరుకు గొణిగినవాళ్లు ఇరవైతొమ్మిదికి గంతులేయాలి కదా? అప్పటికి హోటల్లో టీవీ సినిమా పాటలకు తిరిగిపోయింది!

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి, మేధోవైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగులో అక్కడే కంచు గెలిచింది. అదే సంవత్సరం మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డే పెట్టింది. చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి పడ్డ పిల్ల.

"వాళ్ల పోటీలు వేరు కదండీ" అంటారు. వేరే, కాదనను. బాక్సింగులో బరువును బట్టి తరగతులు లేవా? నిజామాబాదు నిఖత్ జరీన్ 2023లో 50 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయితే, బరువైనవాళ్లతో తలపడలేదని ఎవరైనా తగ్గించి మాట్లాడారా? ఈడూజోడైనవాళ్లకే పోటీ పెట్టడం ఆటధర్మం.

కనుక అయ్యలారా, అమ్మలారా! 2028లో లాస్ ఏంజెలెస్ ఆటలొస్తాయి. పట్టిక పక్కన పెట్టి ఆట చూడండి. పారాలింపిక్స్ కూడా అయ్యేదాకా టీవీ కట్టెయ్యకండి. పరుగెత్తుతున్నప్పుడు చూడనివాళ్లకు, గెలిచాక "మా దిక్కు పిల్లే" అని మీసం తిప్పే హక్కెక్కడిది?